జాతీయ ఉత్తమ గేయరచన పురస్కారాలు - తెలుగు పాట: విజేతలు, విస్మృతులు

వ్యాససంగ్రహం:

జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ గేయరచన విభాగం 1968 చిత్రాలతో మొదలైంది. ఇప్పటివరకు ఐదు తెలుగు పాటలకు ఈ గౌరవం దక్కింది. శ్రీశ్రీ, వేటూరి సుందరరామమూర్తి, సుద్దాల అశోక్ తేజ, చంద్రబోస్, కాసర్ల శ్యామ్ ఆ పాటల కర్తలు. ఆత్రేయ, సి. నారాయణరెడ్డి, సిరివెన్నెల సీతారామశాస్త్రి ఈ జాబితాలో లేరు. ఈ లేమిని "అన్యాయం" అన్న ఒక్క మాటతో వివరించడం సాహిత్య విమర్శ కాదు. పురస్కారం పొందిన పాటల సామాన్య లక్షణాలను, పొందని పాటల స్వభావాన్ని తులనాత్మకంగా పరిశీలించి, పాటలోని ఏ గుణం భాషాసరిహద్దును దాటుతుందో, ఏది దాటలేదో నిరూపించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: సినీగేయ సాహిత్యం, జాతీయ పురస్కారాలు, వేటూరి, సిరివెన్నెల, అన్యాపదేశం, శబ్దాలంకారం, అనువాదం.

1. ప్రవేశిక:

తెలుగు సినిమా పాటను సాహిత్యంగా చదివే సంప్రదాయం మన విశ్వవిద్యాలయాల్లో స్థిరపడింది. సినీకవులపై సిద్ధాంతగ్రంథాలు వచ్చాయి, వస్తున్నాయి. అయితే ఏ కవిని ఎంచుకోవాలి, ఏ పాటను ప్రతినిధి గీతంగా చూపాలి అన్న నిర్ణయంలో పురస్కారాలు మనం ఒప్పుకొనేదానికంటే ఎక్కువ పాత్ర పోషిస్తున్నాయి. పాఠ్యాంశ పరిచయంలోనూ, పరిశోధన ప్రణాళికలోనూ "జాతీయ పురస్కార గ్రహీత" అన్న విశేషణం విమర్శకుడి పనిని సగం పూర్తిచేసినట్లు కనిపిస్తుంది. పురస్కారం రాని పాట తన విలువను ప్రత్యేకంగా నిరూపించుకోవాలి. వచ్చిన పాటకు ఆ అవసరం ఉండదు. కనుక పురస్కార చరిత్రను ప్రశ్నించడం మన పాఠ్యనిర్ణయాలను ప్రశ్నించుకోవడమే.

న్యాయనిర్ణేతల సంఘం లోపలి చర్చలు బహిరంగ పత్రాలు కావు. అందుచేత ఈ వ్యాసం నిర్ణేతల ఉద్దేశాలను ఊహించదు. ఎంపికైన పాటలనూ, ఎంపిక కానివాటినీ పక్కపక్కన పెట్టి, పాటల నుంచే తర్కిస్తుంది.

2. విస్మృతి - మూడు విధాలు:

"రావలసిన పురస్కారం రాలేదు" అన్న మాటలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా చేసే చర్చ ఫలవంతం కాదు.

2.1 కాలం వల్ల కలిగిన విస్మృతి: విభాగమే లేని కాలంలో పుట్టిన పాటలు ఈ కోవలోనివి. 'మల్లీశ్వరి' (1951)లో దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన పాటలు, 'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావు పాటలు, 'డాక్టర్ చక్రవర్తి' (1964)లో శ్రీశ్రీ రాసిన 'మనసున మనసై' వంటివి పోటీలో ఓడిపోలేదు. అసలు పోటీయే లేదు. తెలుగు పాట స్వర్ణయుగంగా మనం చెప్పుకొనే కాలంలో అధికభాగం ఈ పురస్కారం పరిధికి వెలుపలిది.

2.2 నియమం వల్ల కలిగిన విస్మృతి: ఆయా సంవత్సరంలో సెన్సారు ధ్రువీకరణ పొందిన చిత్రాలను నిర్మాతలు పరిశీలనకు పంపాలి, చిత్రానికి ఆంగ్ల ఉపశీర్షికలు ఉండాలి. అంటే కవి స్వయంగా పోటీదారు కాడు. నిర్మాత పంపని చిత్రంలోని పాట ఎంత గొప్పదైనా నిర్ణేతల ముందుకు రాదు.

2.3 అభిరుచి వల్ల కలిగిన విస్మృతి: పరిశీలనకు వచ్చి కూడా ఎంపిక కాని పాటలు ఈ కోవకు చెందుతాయి. సాహిత్య విమర్శకు నిజమైన పని ఇక్కడే ఉంది.

3. దశాబ్ది విరామం:

మొదటి పురస్కారం 1968 చిత్రాలకుగాను తమిళకవి కణ్ణదాసన్‌కు 'కుళందైక్కాగ' చిత్రంతో లభించింది. తొలిదశలో ఈ విభాగం క్రమబద్ధంగా సాగలేదు. 1974 చిత్రాలకు శ్రీశ్రీ అందుకొన్న తరువాత దాదాపు పదేళ్లు ఈ పురస్కారం ఇవ్వలేదు. 1984 చిత్రాలతో మళ్లీ మొదలైంది.

ఈ విరామం తెలుగు పాటకు కలిగించిన నష్టం ప్రత్యేకమైనది. ఆ పదేళ్లలో తెలుగు చిత్రాలు సంగీత విభాగాల్లో జాతీయస్థాయిలో వరుసగా గుర్తింపు పొందాయి. 'శంకరాభరణం' (1979) కె.వి. మహదేవన్‌కు ఉత్తమ సంగీత దర్శకత్వ పురస్కారాన్ని, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీజయరాంలకు ఉత్తమ గాయకుల పురస్కారాలను తెచ్చింది. 'మేఘసందేశం' (1982) సంగీత దర్శకుడు రమేశ్ నాయుడికీ, ఏసుదాసుకూ, పి. సుశీలకూ గౌరవం దక్కించింది. 'సాగరసంగమం' (1983) ఇళయరాజాకూ, బాలసుబ్రహ్మణ్యానికీ పురస్కారాలు సంపాదించింది. ఈ మూడు చిత్రాలకూ వేటూరి పాటలు రాశారు. వాణీజయరాంకు పురస్కారం తెచ్చిన 'మానస సంచరరే' సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తన, సుశీల పాడిన 'ప్రియే చారుశీలే' జయదేవుని అష్టపది అన్న మాట నిజమే. కానీ బాలసుబ్రహ్మణ్యానికి పురస్కారం తెచ్చిన 'ఓంకార నాదానుసంధానమౌ', ఏసుదాసుకు తెచ్చిన 'ఆకాశ దేశాన' వేటూరి రచనలే. బాణీ కట్టినవారు, పాడినవారు సత్కారం పొందారు. మాట రాసినవారికి సత్కరించే విభాగమే లేదు. వేటూరికి 1993 వరకు జాతీయ పురస్కారం రాకపోవడాన్ని ఆయన ప్రతిభతో ముడిపెట్టే ముందు ఈ కాలక్రమాన్ని గుర్తుంచుకోవాలి.

4. విజేత గీతాలు - సామాన్య లక్షణాలు:

ఐదు విజేత గీతాలు ఇవి: 'తెలుగు వీర లేవరా' (అల్లూరి సీతారామరాజు, 1974), 'రాలిపోయే పువ్వా' (మాతృదేవోభవ, 1993), 'నేను సైతం' (ఠాగూర్, 2003), 'ధం ధం ధం' (కొండపొలం, 2021), 'ఊరు పల్లెటూరు' (బలగం, 2023).

వీటిలో ఒకటి ప్రబోధం, ఒకటి కరుణం, ఒకటి ఆత్మార్పణ ప్రతిజ్ఞ, ఒకటి అడవి గురించి, ఒకటి ఊరి గురించి. ఐదింటిలో ఒక్కటి కూడా ప్రణయగీతం కాదు. తెలుగు సినిమా పాటల్లో అత్యధిక భాగం శృంగార సంబంధి అయినప్పుడు ఈ శూన్యం గమనించదగింది. 'అల్లూరి సీతారామరాజు' చిత్రమే ఇందుకు చక్కని ఉదాహరణ. అదే చిత్రంలో సి. నారాయణరెడ్డి 'వస్తాడు నా రాజు' రాశారు. నిరీక్షణలోని ఆశను, ఆత్మీయతను స్త్రీ గొంతులో నిలిపిన పాట అది. శ్రీశ్రీ పాట విధ్యర్థక క్రియలతో, కవాతు నడకతో జాతిని సంబోధిస్తుంది. రెండూ వాటి వాటి సన్నివేశాలకు ఉచితమైనవే. ఒకే చిత్రం నుంచి సామూహిక స్వరం ఎంపికైంది, వైయక్తిక స్వరం మిగిలిపోయింది.

అయితే దీన్నిబట్టి జాతీయ నిర్ణేతలు శృంగారానికి విముఖులు అని తీర్మానించడం తొందరపాటు. 'ఇజాజత్' (1987)లో గుల్జార్ రాసిన వియోగ గీతానికి పురస్కారం వచ్చింది. కె.ఎస్. నరసింహస్వామి దాంపత్య కవిత్వానికి 'మైసూర మల్లిగె' (1991) ద్వారా వచ్చింది. 'రోజా' (1992)లోని చిన్న చిన్న కోరికల పాటకు వైరముత్తుకు వచ్చింది. వైరముత్తు ఏడుసార్లు, జావేద్ అఖ్తర్ ఐదుసార్లు ఈ గౌరవం పొందారు. ఇతర భాషల నుంచి సున్నిత వైయక్తిక గీతాలు ఎంపికైనప్పుడు తెలుగు నుంచి గంభీర సామూహిక గీతాలే ఎందుకు ఎంపికయ్యాయన్నది అసలు ప్రశ్న.

దీనికి ఒక కారణం మన దగ్గరే ఉంది. తెలుగులో ప్రణయగీతాన్ని యుగళగీతంగా, కథకు విరామంగా వాడుకొనే అలవాటు బలంగా పాతుకుపోయింది. పాట సన్నివేశం నుంచి పుట్టనప్పుడు అందులోని కవిత్వం చిత్రం చూసే నిర్ణేతకు అలంకారంగానే తోస్తుంది. పై ఐదు పాటలకూ కథలో స్థిరమైన చోటు ఉంది. ఈ లక్షణాన్ని నిర్ణేతల పక్షపాతంగా గాక మన చిత్రనిర్మాణ పద్ధతి ఫలితంగా చూడటం న్యాయం.

మరొక అంశం కూడా గమనార్హం. 'నేను సైతం' పాట పల్లవికి ఆధారం 'మహాప్రస్థానం'లోని 'జయభేరి'. శ్రీశ్రీ ఎత్తుగడను స్వీకరించి, సుద్దాల అశోక్ తేజ చరణాలను చిత్రకథకు అనుగుణంగా విస్తరించారు. అంటే తెలుగుకు వచ్చిన మొదటి మూడు పురస్కారాల్లో రెండింట శ్రీశ్రీ ధ్వని ఉంది. ఇది సుద్దాల ప్రతిభను తగ్గించే మాట కాదు. పూర్వకవి వాక్యాన్ని స్వీకరించి నిలబెట్టడం కూడా కవికర్మమే. కాని జాతీయ వేదిక తెలుగు పాట నుంచి ఆశించే స్వరం ఏమిటో ఈ పునరావృత్తి సూచిస్తుంది.

5. గాయకుడికి దక్కి, కవికి దక్కనివి:

1984 తరువాత విభాగం ఉంది కనుక విరామం అన్న సమాధానం ఇక చెల్లదు. ఇక్కడ సిరివెన్నెల ఉదాహరణ అత్యంత ముఖ్యమైనది. ఆయన 11 నంది పురస్కారాలు పొందారు. 2019లో పద్మశ్రీ స్వీకరించారు. 2021 నవంబరు 30న కన్నుమూశారు. ఆయనకు ఉత్తమ గేయరచయితగా జాతీయ పురస్కారం రాలేదు. కాని ఆయన పాటలు పాడినవారికి వచ్చింది.

'రుద్రవీణ' (1988) చిత్రం జాతీయ సమైక్యతా చిత్రంగా నర్గీస్ దత్ పురస్కారం పొందింది. ఇళయరాజా ఉత్తమ సంగీత దర్శకులయ్యారు. 'చెప్పాలని ఉంది' పాటకు బాలసుబ్రహ్మణ్యం ఉత్తమ గాయకులయ్యారు. సంప్రదాయ సంగీత కుటుంబంలో పుట్టి, సంగీతం సామాన్యుడి వేదనకు స్పందించాలని తపించే యువకుడి ప్రకటన ఆ పాట. చిత్ర ప్రతిపాదన మొత్తం ఆ పాట మాటల్లోనే ఉంది. "చెప్పాలి" అన్న కోరికే ఇతివృత్తమైన పాటలో చెప్పిన గొంతుకు సత్కారం జరిగి, చెప్పిన మాటకు జరగకపోవడం ఒక వైచిత్రి. ఆ ఏడాది గేయరచన పురస్కారం 'వైశాలి'కిగాను ఓ.ఎన్.వి. కురుప్‌కు లభించింది. కురుప్ మలయాళంలో మహాకవి. ఆయన ఎంపికను తప్పుపట్టనక్కరలేదు. ఒక సంవత్సరంలో ఇద్దరు అర్హులు ఉండవచ్చు; ఒకరికే ఇవ్వగలరు.

మూడేళ్లకే ఇది పునరావృతమైంది. 'స్వాతికిరణం'లో సిరివెన్నెల రాసిన 'ఆనతినీయరా' పాటకు 1991 సంవత్సరానికి వాణీజయరాం ఉత్తమ గాయని అయ్యారు. గేయరచన పురస్కారం 'మైసూర మల్లిగె'కు వెళ్లింది. ఇక్కడ భేదం పాటల స్వభావంలో ఉంది. నరసింహస్వామి కవిత్వం 1942లోనే పుస్తకంగా వెలువడి, కన్నడ పాఠకుల నాలుకలపై నిలిచి, తరువాత చిత్రమైంది. అది సంగీతం లేకుండా కూడా నిలుస్తుంది. 'ఆనతినీయరా' స్వరంతో పెనవేసుకొన్న రచన. అందులోని పదాల కూర్పు, అంత్యప్రాసల ఆవృత్తి రాగసంచారానికి లోబడి పుట్టాయి. విన్నవారికి అది గానమహిమగా తోస్తుంది. చదివితేగాని అక్షరమహిమ తెలియదు. పాటకు సంపూర్ణంగా సేవచేసిన కవి పాటలోనే అదృశ్యమవుతాడు. విభాగాలుగా విడదీసి కొలిచే విధానంలో అటువంటి కవి నష్టపోతాడు.

6. 1993 - రెండు తీర్పులు:

ఒకే ఏడాది రాష్ట్ర, జాతీయ నిర్ణయాలు వేరైన సందర్భం 1993. రాష్ట్ర ప్రభుత్వ నంది పురస్కారం 'గాయం' చిత్రంలోని 'సురాజ్యమవలేని' పాటకు సిరివెన్నెలకు వచ్చింది. జాతీయ పురస్కారం 'మాతృదేవోభవ'లోని 'రాలిపోయే పువ్వా'కు వేటూరికి వచ్చింది. ఈ రెండు తీర్పులూ సమంజసమే అని ఈ వ్యాసం భావిస్తుంది. కాని అవి వేర్వేరు కారణాల వల్ల సమంజసం.

'రాలిపోయే పువ్వా' అన్యాపదేశం. పువ్వును సంబోధిస్తూ తల్లిని ధ్వనింపజేయడం దాని నిర్మాణసూత్రం. భర్తను పోగొట్టుకొని, తానూ మృత్యువుకు చేరువై, బిడ్డలను తలా ఒక ఇంటికి అప్పగించే తల్లి కథకు ఆ ప్రతీక అతికినట్లు సరిపోయింది. రాలే పువ్వు ఏ భాషలోనైనా రాలే పువ్వే. వేటూరి రచనలో సాధారణంగా కనిపించే శ్లేషలు, యమకాలు ఇక్కడ వెనక్కి తగ్గి, భావచిత్రం ముందుకు వచ్చింది. కీరవాణి స్వరపరచి స్వయంగా పాడిన తీరు కూడా ఆడంబరరహితం. కాబట్టి ఉపశీర్షిక ద్వారా చదివినా ప్రధానభావం చేరుతుంది.

'సురాజ్యమవలేని' పాట ఎత్తుగడే సురాజ్య, స్వరాజ్య శబ్దాల సామీప్యంపై నిలిచింది. ఒక్క అక్షరం తేడాతో స్వాతంత్ర్యానికీ సుపరిపాలనకూ మధ్య ఏర్పడ్డ అఖాతాన్ని చూపడం ఆ రచనలోని ప్రాణం. వేరే భాషలోకి వెళ్లగానే "మంచి పాలన", "స్వాతంత్ర్యం" అన్న రెండు సంబంధంలేని మాటలు మిగులుతాయి. విమర్శ మిగులుతుంది, వ్యంగ్యం పోతుంది. ఇంతకుముందు పదునుగా ఉన్నది ఉపన్యాసంగా మారుతుంది. హిందీ, మరాఠీ, బెంగాలీ వంటి భాషలవారికి ఆ సంస్కృత శబ్దాలు తెలియవా అన్న ఆక్షేపణ రావచ్చు. తెలుస్తాయి, కాని వాటిచుట్టూ అల్లిన తెలుగు వాక్యం నడక, ప్రశ్నార్థకంలోని ఎత్తిపొడుపు తెలియవు. శబ్దసామ్యం వాక్యంలో పనిచేస్తుంది గాని నిఘంటువులో కాదు.

దీన్నిబట్టి తేలేది ఇది: రాష్ట్ర తీర్పు భాష లోపల నిలబడి చేసినది, జాతీయ తీర్పు భాషల నడుమ నిలబడి చేసినది. అర్థాలంకారం సరిహద్దు దాటుతుంది; శబ్దాలంకారం దాటదు. వేటూరి శబ్దక్రీడకు పేరుపొందిన కవి. అటువంటి కవికి వచ్చిన ఒక్క జాతీయ పురస్కారం ఆయన శబ్దక్రీడను దాదాపు విడిచిపెట్టిన పాటకు రావడం ఈ సూత్రానికి బలమైన నిదర్శనం.

7. 2021 - ఒక చిత్రం, ఒక కవి, మూడు పాటలు:

2021 సంవత్సర పురస్కారాలను 2023 ఆగస్టులో ప్రకటించారు. అదే సంవత్సరం మార్చి 12న 'ఆర్.ఆర్.ఆర్.'లోని 'నాటు నాటు' పాటకు కీరవాణి, చంద్రబోస్ ఆస్కారు అందుకొన్నారు. జాతీయ పురస్కారాల్లో చంద్రబోసుకే గేయరచన గౌరవం దక్కింది; కాని 'కొండపొలం'లోని 'ధం ధం ధం' పాటకు. 'నాటు నాటు'కు నృత్యదర్శకత్వంలో ప్రేమ్ రక్షిత్‌కు పురస్కారం లభించింది. అదే చిత్రంలో సుద్దాల అశోక్ తేజ రాసిన 'కొమురం భీముడో' పాడిన కాలభైరవ ఉత్తమ గాయకుడయ్యాడు.

ఈ భేదానికి మూలం కొలమానంలో ఉంది. ఆస్కారులో పాట ఒక్కటే వస్తువు. సంగీతం, సాహిత్యం విడివిడిగా తూచరు. భారత జాతీయ పురస్కారాల్లో పాటను బాణీ, గొంతు, మాట, ఆట అని విభజిస్తారు. 'నాటు నాటు' మాటలు పల్లె వస్తువులతో పేర్చిన ఉపమానాల వరుస. అవి లయను మోయడానికి పుట్టినవి, ఆ పనిని అద్భుతంగా చేస్తాయి. విడదీసి చదివితే వాటి బలం తగ్గుతుంది. 'ధం ధం ధం' పాటకు సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి నవల నేపథ్యంగా ఉంది. కరవుకాలంలో గొర్రెలను తోలుకొని నల్లమల కొండలకు వెళ్లే కాపరుల జీవితం నుంచి, అడవిని గురువుగా చూసే దృష్టి నుంచి ఆ పాట పుట్టింది. మాటను మాత్రమే తూచే విభాగంలో ఈ ఎంపిక సమర్థనీయం.

కాని 'కొమురం భీముడో' విషయంలో ఈ సమర్థన నిలవదు. కొరడాదెబ్బల కింద తనను తానే పేరుపెట్టి పిలుచుకొనే యోధుడి స్వగతం అది. తలవంచితే అడవితల్లి బిడ్డను కానన్న శపథం దాని నిర్మాణానికి వెన్నెముక. జానపద సంబోధన, తెలంగాణ పలుకుబడి, స్వయంసంబోధన మూడూ కలిసిన ఈ రచన సంగీతం లేకుండా చదివినా నిలుస్తుంది. సుద్దాలకు ఇదివరకే పురస్కారం వచ్చిందన్నది కారణం కాజాలదు. ఒకే కవికి పలుమార్లు ఇచ్చిన సందర్భాలు పైన చూశాం. 'రుద్రవీణ' నాటి విభజనే ఇక్కడ మళ్లీ జరిగింది. 2021 విస్మృతుల్లో నా దృష్టిలో ప్రథమస్థానం 'నాటు నాటు'ది కాదు, 'కొమురం భీముడో' పాటది.

8. మాండలికం - ఒక మినహాయింపు:

శబ్దాశ్రిత సౌందర్యం సరిహద్దు దాటదన్న ప్రతిపాదనకు 'బలగం'లోని 'ఊరు పల్లెటూరు' ఎదురు నిలుస్తుంది. కాసర్ల శ్యామ్ ఈ పాటను తెలంగాణ పలుకుబడిలో రాశారు. మాండలిక రుచి అనువాదంలో పోతుంది. అయినా పురస్కారం వచ్చింది. ఊరి మనుషులను, వరుసలను, పనులను ఒకదాని వెంట ఒకటి చూపే దృశ్యపరంపర దీనికి కారణం. మాట అర్థంకాకపోయినా తెరపై ఊరు అర్థమవుతుంది. మాండలికానికి దృశ్యమే ఉపశీర్షిక అయింది. కనుక ప్రతిపాదనను ఇలా సవరించుకోవాలి: శబ్దాశ్రిత సౌందర్యం ఒంటరిగా దాటదు, భావచిత్రమో, దృశ్యమో చేయి పట్టుకొంటే దాటుతుంది.

9. ముగింపు:

* తెలుగు పాటకు జాతీయస్థాయిలో జరిగిన నష్టంలో పెద్దభాగం పోటీలో ఓటమి కాదు. విభాగం లేకపోవడం, 1974 తరువాతి దశాబ్ది విరామం దానికి ప్రధాన కారణాలు.
* విజేతలైన ఐదు తెలుగు పాటలూ కథలో స్థిరస్థానం ఉన్నవి. ప్రణయగీతం ఎంపిక కాకపోవడానికి నిర్ణేతల అభిరుచితోపాటు మన చిత్రాల్లో పాటకు ఇచ్చే స్థానం కూడా బాధ్యత వహించాలి.
* అర్థాలంకారం, అన్యాపదేశం, భావచిత్రం ప్రధానమైన పాటలు భాషాసరిహద్దును దాటుతాయి. శ్లేష, యమకం, శబ్దసామ్యం ప్రధానమైనవి దాటలేవు. 1993లో రాష్ట్ర, జాతీయ తీర్పుల భేదం దీన్ని స్పష్టం చేస్తుంది.
* సంగీతంలో పూర్తిగా లీనమైన సాహిత్యం విభాగాల లెక్కలో కనిపించకుండా పోతుంది. సిరివెన్నెలకు జాతీయ పురస్కారం లేకపోవడం దీనికి ప్రబలోదాహరణ.
* నిర్మాతలు చిత్రంతోపాటు గేయపాఠాన్ని, సన్నివేశ వివరణను, శబ్దచమత్కారాలను విప్పిచెప్పే టిప్పణిని సమర్పించే పద్ధతి ఉంటే ఈ లోటు కొంత తీరుతుంది. ఆ టిప్పణి రాయగలిగినవారు తెలుగు శాఖల్లోనే ఉన్నారు.

పురస్కారం తీర్పు కాదు, ఒక అభిప్రాయం. దాన్ని గౌరవించవచ్చు, విభేదించవచ్చు. కాని తరగతి గదిలో విద్యార్థికి 'రాలిపోయే పువ్వా' చెప్పేటప్పుడు పక్కనే 'సురాజ్యమవలేని' కూడా ఉంచితే, ఏది ఎందుకు గెలిచిందో అతనికి తెలుస్తుంది. దానికంటే ముఖ్యంగా, గెలవనిదానిలో ఏ సంపద ఉందో తెలుస్తుంది. వేరే భాషవారికి అందని ఆ సంపదను గుర్తించే బాధ్యత ఆ భాషలో చదువు చెప్పే మనదే.